ఫోటోవాయిస్ నుంచి ఫోరం నాటకం దాకా: ఆరోగ్య సిబ్బంది వాడే కళా మాధ్యమాల పనితనం

ఆరోగ్య కేంద్రం గోడకు అంటించిన పోస్టరు ఎవరికి అందుతుంది? కేంద్రం దాకా రాగలిగినవాళ్లకు, చదవడం వచ్చినవాళ్లకు, దాని ముందు రెండు నిమిషాలు నిలబడే తీరిక ఉన్నవాళ్లకు. ఆ సమాచారం మరీ అవసరమైన మనిషి ఈ మూడింటిలో ఏదో ఒక చోట జారిపోతాడు. అందరికీ ఒకే కరపత్రం పంచితే సమానంగా పంచినట్టే గానీ, సమానంగా అందినట్టు కాదు. నర్సులు, డాక్టర్లు, ఇంటింటికీ తిరిగే ఆరోగ్య కార్యకర్తలు కెమెరా, మైకు, కుంచె, నాటకం వైపు చూడటానికి అసలు కారణం ఇదే.

ఆరోగ్యంలో కళలకు చోటుందా అన్న చర్చ ఇక్కడ అక్కర్లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ యూరప్ విభాగం 2019లో 3,000కు పైగా అధ్యయనాలను ఒకచోట చేర్చి, వ్యాధి నివారణలోనూ చికిత్సలోనూ కళల పాత్ర ఉందని చెప్పింది. ఇక తేలాల్సింది పనిముట్టు సంగతే: ఏది ఎవరికి పనికొస్తుంది, ఎంత శ్రమ అడుగుతుంది, ఎక్కడ బెడిసికొడుతుంది. ఒక్కో మాధ్యమాన్నీ రెండు ప్రశ్నలతో తూచాం. ఇది ఎవరిని వదిలేస్తోంది? ఏది ఉంచాలో ఏది తీసెయ్యాలో చెప్పే హక్కు ఎవరి చేతిలో ఉంది? బొమ్మ అందంగా వచ్చిందా, వీడియో మెరిసిపోతోందా అన్నవి వీటి తర్వాతే.

ఫోటోవాయిస్: చెప్పడానికి కాదు, వినడానికి

దీన్ని ప్రచార సాధనం అనుకుని మొదలుపెట్టేవాళ్లే ఎక్కువ. అక్కడే సగం పని చెడుతుంది. ఫోటోవాయిస్ వినే సాధనం. 1990లలో చైనాలోని యునాన్ రాష్ట్రంలో కరొలైన్ వాంగ్, మేరీ ఆన్ బరిస్ అనే పరిశోధకులు 62 మంది గ్రామీణ మహిళల చేతికి కెమెరాలిచ్చి, తమ రోజువారీ బతుకును తామే ఫోటో తీయమన్నారు. కాన్పు, పిల్లల్ని చూసుకునే దిక్కు లేకపోవడం, ఆడపిల్లల చదువు లాంటివి ఆ ఫోటోల ద్వారా అధికారుల ముందుకు వెళ్లాయి. ప్రశ్నపత్రంతో సర్వేకు వెళ్లినవాళ్లు తాము ముందే అనుకున్న ప్రశ్నలకే జవాబులు తెచ్చుకుంటారు. కెమెరా ఇస్తే అసలు ప్రశ్న ఏమిటో అవతలివాళ్లే చెబుతారు.

బృందంలో 7 నుంచి 10 మంది ఉండాలి. అంతకు మించితే మాట్లాడే వంతు రాదు. మొదటి సమావేశంలో కెమెరా ఇవ్వకూడదు. ఎవరిని తీయవచ్చు, ఎలా అడగాలి, ఎప్పుడు తీయకూడదు అన్నదే ఆ పూట మాట్లాడాలి. రెండో పూట సాధన. తర్వాత వారం నుంచి రెండు వారాల గడువు. ఒక్కొక్కరు తాము తీసినవాటిలోంచి రెండు ఫోటోలు ఎంచుకుని తెస్తారు. ఒక్కో ఫోటో మీద మాట్లాడటానికి కనీసం 15 నిమిషాలు పడుతుంది. 8 మంది, తలా రెండు ఫోటోలు అంటే 4 గంటలు. దాన్ని ఒకే పూటలో కుక్కితే చివరి ముగ్గురి ఫోటోలకు "బాగుంది, తర్వాతది" అన్న మాటే దక్కుతుంది. రెండు పూటలుగా విడగొట్టడం తప్పనిసరి.

చర్చ అయిదు ప్రశ్నల మీద నడుస్తుంది. ఈ ఫోటోలో ఏం కనిపిస్తోంది? నిజానికి ఇక్కడ ఏం జరుగుతోంది? దీనికీ మన బతుకులకీ సంబంధం ఏమిటి? ఈ పరిస్థితి ఎందుకు వచ్చింది? మనం ఏం చేయగలం? మొదటి మూడూ సాఫీగా సాగుతాయి. నాలుగో ప్రశ్న దగ్గర నిశ్శబ్దం వస్తుంది. ఆ నిశ్శబ్దాన్ని భరించలేక నర్సో డాక్టరో నోరు విప్పి కారణం చెప్పేస్తారు. ఆ క్షణం నుంచి అది చర్చ కాదు, తరగతి. కాబట్టి ఆరోగ్య సిబ్బంది అక్కడ రాసుకునే పని మాత్రమే తీసుకోవాలి, కూర్చునేది కూడా వెనక వరసలో. నడిపించడం బృందంలోని మనిషికే అప్పగిస్తే ఇంకా మంచిది.

తరచూ జరిగే పొరపాట్లలో అన్నిటికన్నా ప్రమాదకరమైనది ఇతరుల మొహాలు. "సమస్యను ఫోటో తీయండి" అంటే చాలామంది సమస్యలో ఉన్న మనిషిని తీస్తారు. తాగి పడిపోయిన పొరుగాయన, ముక్కు కారుతున్న ఎవరి పిల్లాడో. అందుకే ఇక్కడ మూడు వేర్వేరు సమ్మతులు కావాలి: పాల్గొనేవాళ్ల సమ్మతి, ఫోటోలో పడేవాళ్ల సమ్మతి, ఫోటోను బయట ప్రదర్శించడానికి సమ్మతి. మూడోది ఫోటో చూశాకే తీసుకోవాలి, ముందే సంతకం పెట్టించుకుంటే దానికి విలువ లేదు. మనుషుల బదులు వస్తువులనూ చోట్లనూ తీయమని చెప్పి చూడండి: ఆసుపత్రి మెట్ల మీద విరిగిన పట్టుకునే కమ్మీ, క్యూలో మనుషులకు బదులు వదిలిన చెప్పులు, ఖాళీ అయిపోయిన మాత్రల అట్ట. ఇవి మొహాలకన్నా ఎక్కువ మాట్లాడిస్తాయి, ఎవరినీ బజారున పెట్టవు.

ఫోన్ కెమెరాతో ఇంకో చిక్కుంది. లొకేషన్ ఆన్‌లో ఉంటే ఫోటో ఎక్కడ తీసిందీ ఫైలులోనే నమోదైపోతుంది. క్షయ రోగి ఇంట్లో తీసిన మందుల డబ్బా ఫోటోలో మొహం లేకపోయినా ఇంటి చిరునామా ఉన్నట్టే. కెమెరా సెట్టింగ్స్‌లో లొకేషన్ ఆపేసి గానీ ఫోన్ చేతికివ్వకూడదు.

చివరి చిక్కు ఫోటోలు ఎవరికి చూపించాలన్నది. ఊరంతా వచ్చి చూసి చప్పట్లు కొట్టిన ప్రదర్శనకు, నిర్ణయం తీసుకోగల అధికారి ఒక్కరూ రాకపోతే, మిగిలేది ఫోటోలే. వాంగ్ పద్ధతిలో మొట్టమొదటి మెట్టే ఆ అధికారులను ఎంచుకుని పనిలోకి లాగడం. చాలామంది దాన్ని ఆఖరి మెట్టుగా మార్చేస్తారు. చూపు లేనివాళ్లను ఈ పద్ధతి వదిలేస్తుందన్నది నిజం. వాళ్లకు కెమెరా బదులు రికార్డర్ ఇచ్చి, అవే అయిదు ప్రశ్నలు శబ్దాల మీద నడిపించవచ్చు. మా లెక్కలో అయిదుకు నాలుగు. సమస్యను పట్టుకోవడానికి దీన్ని మించింది లేదు, సమాచారం పంచడానికి మాత్రం దీన్ని వాడొద్దు.

డిజిటల్ కథ: మూడు రోజుల పని, మూడు నిమిషాల ఫలితం

తన గొంతుతో తన కథ, పైన కొన్ని ఫోటోలు, నిడివి రెండు మూడు నిమిషాలు. కాలిఫోర్నియాలో 1990లలో మొదలైన స్టోరీసెంటర్ సంస్థ ఈ పద్ధతిని మూడు రోజుల వర్క్‌షాపుగా మలిచింది. బ్రిటన్‌లో పిప్ హార్డీ, టోనీ సమ్నర్ 2003లో మొదలుపెట్టిన పేషెంట్ వాయిసెస్ దాన్ని రోగుల, ఆరోగ్య సిబ్బంది కథలకు వాడింది. సిబ్బంది శిక్షణలో దీని బలం వేరు. "రోగిని మర్యాదగా పలకరించాలి" అని గంటసేపు చెప్పే పాఠం కన్నా, పలకరింపు దక్కని మనిషి గొంతు రెండు నిమిషాలు వినిపించడం లోతుగా దిగుతుంది.

మొదటి రోజు అందరూ గుండ్రంగా కూర్చుని కథలు చెప్పుకుంటారు, స్క్రిప్టు రాసుకుంటారు. రెండో రోజు రికార్డింగు, బొమ్మలు. మూడో రోజు ఎడిటింగు, సాయంత్రం అందరూ కలిసి చూడటం. ఇంగ్లీషు స్క్రిప్టుకు 250 నుంచి 375 పదాలు అంటారు. ఆ లెక్క తెలుగుకు పనికిరాదు, మన పదాలు పొడుగు. 200 నుంచి 250 పదాల దగ్గర ఆపితేనే తొందరపడకుండా చదవగలరు. ఎనిమిది మందికి నడిపేవాళ్లు ఇద్దరైనా ఉండాలి. ఒకరు కథతో ఉంటే, ఒకరు కంప్యూటర్‌తో ఉండాలి. పాత గాయం కెలికి ఎవరైనా ఏడుస్తూ బయటికి వెళ్తే వాళ్ల వెనకాల వెళ్లడానికి కౌన్సెలర్ ఒకరు అందుబాటులో ఉండాలి. అది కుదరకపోతే వర్క్‌షాపు వాయిదా వేసుకోవడమే మేలు.

ఎక్కువగా గాడి తప్పేది అధికారం విషయంలో. మందు ఇచ్చే మనిషే "మీ కథ చెబుతారా" అని అడిగితే రోగి కాదనలేడు. వైద్యం చేసే బృందంలో లేని వ్యక్తి అడగాలి, కాదంటే వైద్యంలో ఏ తేడా రాదని అడగకముందే చెప్పాలి. సమ్మతి ఒకసారి పనికి ముందు, ఒకసారి పూర్తయిన కథను కళ్లారా చూశాక. ఇంటర్నెట్‌లో పెట్టిన తర్వాత వెనక్కి తీసుకోవడం మన చేతిలో ఉండదన్న సంగతి మెత్తగా కాకుండా నేరుగా చెప్పాలి. ఎడిటింగు బల్ల దగ్గర కథ చెప్పిన మనిషి కూర్చోవాలి, "ఇక్కడ కత్తిరించు" అనే మాట ఆ మనిషి నోట రావాలి. అది లేకపోతే ఇది డిజిటల్ కథ కాదు, ఇంటర్వ్యూ.

సిబ్బంది రోగి కథ చెప్పేటప్పుడు పేరు మార్చితే సరిపోతుందనుకుంటారు. సరిపోదు. చిన్న చోట జబ్బు, వయసు, చేసే పని, ఈ మూడూ కలిస్తే ఊరంతా గుర్తుపడుతుంది. రోగికి జరిగింది చెప్పే బదులు తాను ఆ పూట ఏం చేసిందీ, ఏం చేయలేకపోయిందీ చెప్పడం నిజాయితీ, క్షేమం కూడా.

రికార్డింగు విషయంలో డబ్బు పెట్టాల్సింది కెమెరా మీద కాదు, మైకు మీద. బొమ్మ కాస్త మసకగా ఉన్నా చూస్తారు, మాట వినిపించకపోతే ఆపేస్తారు. చొక్కాకు తగిలించే చిన్న మైకు చాలు, గడ్డానికి జానెడు కింద పెట్టాలి, చీర అంచో దుపట్టానో రాసుకోకుండా చూడాలి. కొనేటప్పుడు ప్లగ్గు చూడండి: నల్ల గీతలు రెండుంటే అది కెమెరాకు చేసింది, మూడుంటే ఫోన్‌కు చేసింది. రెండు గీతలది ఫోన్‌లో గుచ్చితే చాలా ఫోన్లు దాన్ని గుర్తించక తమ సొంత మైకుతోనే రికార్డు చేస్తాయి. ఆ సంగతి ఇంటికెళ్లి విన్నాక గానీ తెలియదు. అందుకే ముందు పది సెకన్లు రికార్డు చేసి, మైకును గోటితో గీకి, ఇయర్‌ఫోన్లలో ఆ గీకుడు వినిపిస్తోందో లేదో చూసుకోవాలి. ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో ఉండాలి.

గదిలో ఫ్యాన్ ఆపవచ్చు. ఫ్రిజ్ హోరు మాత్రం మైకులో బాగా పడుతుంది, ఆరోగ్య కేంద్రంలో ఆ ఫ్రిజ్‌లో వ్యాక్సిన్లు ఉండొచ్చు. దాని ప్లగ్గు ఎట్టి పరిస్థితిలోనూ తీయొద్దు. 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాల్సినవి వేడెక్కితే పాడైపోతాయి, మళ్లీ ప్లగ్గు పెట్టడం మరిచిపోవడానికి ఒక్క ఫోన్ కాల్ చాలు. గదే మార్చుకోండి. పరుపులు, దుప్పట్లు పేర్చిన గది ఏదైనా ఉంటే అంతకన్నా మంచి స్టూడియో దొరకదు.

రికార్డింగును శుభ్రం చేయడానికి ఉచితంగా దొరికే ఆడాసిటీ సాఫ్ట్‌వేర్ చాలు. రికార్డింగు మొదట్లో అయిదు సెకన్లు ఎవరూ మాట్లాడకుండా ఉంచాలి. ఆ ముక్కను ఎంచుకుని నాయిస్ ప్రొఫైల్ (హోరు నమూనా) తీసుకుని, తర్వాత మొత్తానికి నాయిస్ రిడక్షన్ (హోరు తగ్గింపు) వేయాలి. మోతాదు కొద్దికొద్దిగా పెంచండి. ఎక్కువైతే గొంతు నీళ్లలోంచి వచ్చినట్టు ఉంటుంది. కాస్త హోరున్న నిజమైన గొంతే నయం.

మార్కులు మూడున్నర. సిబ్బంది మనసు మార్చడంలో అయిదుకు అయిదు ఇవ్వొచ్చు గానీ, మూడు రోజులు పని మానుకుని కూర్చోగలిగేది ఎవరు? రోజు కూలీ వదులుకోలేని మనిషి కథ ఈ వర్క్‌షాపులో ఉండదు. ఆ మూడు రోజుల కూలీ, పిల్లల్ని చూసుకునే ఏర్పాటు బడ్జెట్‌లో మొదటి పంక్తిగా ఉంటే ఇంకో మార్కు కలపొచ్చు.

ఫోన్‌లో గొంతు

రికార్డు చేసిన మాటను ఫోన్ కాల్‌గా ఇంటికి పంపడం ఇది. ఒకే ఒక్క మాధ్యమానికి ఓపిక ఉంటే దీన్నే ఎంచుకోమంటాం. చదవక్కర్లేదు, స్మార్ట్‌ఫోన్ అక్కర్లేదు, ఇంటి దగ్గరే అందుతుంది. లెక్క చూడండి. మూడు నిమిషాల వీడియోను 720పీలో, సెకనుకు 1.5 మెగాబిట్ల చొప్పున పంపితే దాదాపు 34 ఎంబీ. అవే మూడు నిమిషాల మాటను ఒకే చానెల్‌లో, సెకనుకు 32 కిలోబిట్ల చొప్పున పంపితే 0.7 ఎంబీ. డేటా కొనలేని మనిషికి వీడియో పంపడమంటే తలుపు మూసి ఆహ్వానం ఇవ్వడమే. మామూలు ఫోన్ కాల్‌గా వెళ్తే ఆ 0.7 ఎంబీ కూడా ఖర్చు కాదు.

కాల్‌లో వినిపించే మాటకు కొన్ని హద్దులున్నాయి. మామూలు టెలిఫోన్ లైను సుమారు 300 నుంచి 3,400 హెర్ట్జ్ మధ్య శబ్దాన్నే మోస్తుంది. స, ష, ఫ లాంటి అక్షరాల గుర్తులు చాలావరకు ఆ పై గీత దాటి ఉంటాయి. అందుకే మందుల పేర్లు తప్పు వినిపిస్తాయి. వెనకాల సంగీతం వేస్తే అది గొంతుతో కలిసి ముద్దైపోతుంది. సంగీతం తీసేయండి. మందు పేరు రెండుసార్లు చెప్పి, రంగూ ఆకారమూ కలపండి. "రోజుకు రెండు" అనొద్దు, "పొద్దున ఒకటి, రాత్రి ఒకటి" అనండి. నిడివి 60 నుంచి 90 సెకన్లు. మొదటి పది సెకన్లలో ఎవరు మాట్లాడుతున్నారో చెప్పకపోతే మోసం కాల్ అనుకుని పెట్టేస్తారు.

నంబరు నొక్కమనే మెనూలో మూడు ఎంపికలు దాటితే మొదటిది మరిచిపోతారు. "1 నొక్కితే టీకాలు" అనేది తప్పు వరస. "పిల్లల టీకాల గురించి అయితే 1 నొక్కండి" అనాలి, తనకు కావాల్సింది వినిపించాకే మనిషి అంకెను పట్టించుకుంటాడు.

ఇక గోప్యత. ఫోన్ ఇంట్లో ఎవరిది? భార్యకు పంపిన కుటుంబ నియంత్రణ సందేశం భర్తో అత్తో ఎత్తితే ఏమవుతుంది? హెచ్ఐవీ మందు గుర్తుచేసే కాల్ పిల్లలు వింటే? నమోదు చేసుకునేటప్పుడే మూడు సంగతులు అడగాలి: ఈ ఫోన్ ఎవరెవరు వాడతారు, ఏ వేళకు చేయమంటారు, ఏ మాట పైకి అనకూడదు. సున్నితమైన విషయం దానంతట అది మోగకూడదు, రహస్య అంకె నొక్కాకే వినిపించాలి. వినికిడి లేనివాళ్లను ఈ మాధ్యమం పూర్తిగా వదిలేస్తుంది కాబట్టి అయిదుకు నాలుగున్నర.

వీడియో

అందరూ ముందు దీన్నే అడుగుతారు. చేతితో చేసే పని నేర్పడానికి, సంజ్ఞా భాషలో చెప్పడానికి వీడియో తప్పదు. తక్కినవాటికి చాలావరకు దండగ. చేతి పని తీసేటప్పుడు కెమెరా చేసే మనిషి భుజం మీదుగా చూడాలి. ఎదురుగా పెడితే కుడి ఎడమలు తారుమారవుతాయి. అన్నిటికన్నా చెడ్డ పొరపాటు ఎడిటింగులో జరుగుతుంది. ఇన్‌హేలర్ పీల్చాక ఊపిరి 10 సెకన్లు బిగపట్టాలి. ఆ 10 సెకన్లు తెర మీద ఏమీ జరగదు కాబట్టి ఎడిటర్ దాన్ని రెండు సెకన్లకు కత్తిరిస్తాడు. చూసినవాళ్లు రెండు సెకన్లే బిగపడతారు, మందు అనుకున్నంత పనిచేయదు. కాలం ముఖ్యమైన చోట కత్తెర వేయకండి, తెర మీద అంకెలు లెక్కపెట్టండి.

సంజ్ఞా భాషలో చెప్పే మనిషిని మూలన చిన్న గడిలో పెడితే ఫోన్ తెర మీద వేళ్లు కనిపించవు. సగం తెర ఇవ్వండి. సబ్‌టైటిల్స్ ఉన్నాయిగా అనొద్దు, సంజ్ఞా భాష వేరే భాష, చాలామందికి అదే మాతృభాష. మార్కులు మూడు.

బొమ్మలు, ఫోటోలు, చర్మం రంగు

బొమ్మ అందరికీ అర్థమవుతుందన్నది అపోహ. బొమ్మ చదవడమూ నేర్చుకునే విద్యే. బొమ్మంతా నిండేలా గీసిన దోమను చూసి "మా దగ్గర ఇంత పెద్ద దోమలు లేవు" అనుకునే అవకాశం ఉంది. వద్దని చెప్పడానికి వేసే అడ్డగీతల గుర్తు కొందరికి అలంకారంలా కనిపిస్తుంది. పొట్ట కోసినట్టు లోపలి గర్భాశయం చూపిస్తే భయపడతారు. వరసగా వేసిన నాలుగు బొమ్మలను అందరూ ఎడమ నుంచి కుడికే చూస్తారన్న హామీ లేదు.

అచ్చు వేయకముందు పది మందికి, ఒక్కొక్కరికి విడిగా చూపించండి. గుంపులో మొదట మాట్లాడినవాళ్ల జవాబే అందరి జవాబవుతుంది. "అర్థమైందా?" అని అడగకూడదు, అందరూ అయిందనే అంటారు. "ఇందులో ఏం కనిపిస్తోంది? ఈ మనిషి ఏం చేస్తోంది? తర్వాత ఏం చేస్తుంది?" అని అడిగి, వాళ్ల మాటలు ఉన్నవి ఉన్నట్టు రాసుకోవాలి. పదిలో ముగ్గురు వేరేగా చెబితే తప్పు బొమ్మదే.

ఇక చర్మం. ఈ సమీక్షలో అన్నిటికన్నా ఆవేదనతో రాస్తున్న భాగం ఇది. వైద్య పాఠ్యపుస్తకాల్లో "ఎర్రటి దద్దుర్లు", "నీలి పెదవులు" అని చూపించే ఫోటోల్లో తెల్ల చర్మమే చాలా ఎక్కువ. నల్లటి చర్మం మీద అదే ఎరుపు ఊదాగానో బూడిదగానో, చుట్టూ చర్మం కన్నా ముదురుగానో కనిపిస్తుంది. ఫోటో చూసి నేర్చుకున్న కళ్లు దాన్ని పట్టుకోవు. లండన్‌లోని సెయింట్ జార్జ్స్‌లో వైద్య విద్యార్థిగా ఉన్న మలోన్ ముక్వెండే 2020లో తన అధ్యాపకులతో కలిసి నల్ల చర్మం మీద రోగ లక్షణాలు ఎలా కనిపిస్తాయో చూపే పుస్తకం తెచ్చాడు. 2021 చివర్లో నైజీరియాకు చెందిన చిడియెబెరె ఇబె, అతనూ వైద్య విద్య చదువుతున్నవాడే, గీసిన నల్ల గర్భస్థ శిశువు బొమ్మను ప్రపంచమంతా పంచుకుంది. అలాంటి బొమ్మ అంతవరకూ చూడలేదని ఎందరో అన్నారు. బొమ్మలదే కాదు, యంత్రాలదీ అదే కథ. వేలికి తగిలించే ఆక్సిమీటర్ చూపే అంకె వెనక దాగిపోయిన ఆక్సిజన్ లోపం, తెల్లవారికన్నా నల్లజాతి రోగుల్లో దాదాపు మూడు రెట్లు ఎక్కువని 2020లో అమెరికా అధ్యయనం ఒకటి తేల్చింది.

శిక్షణ కోసం ముదురు చర్మాన్ని ఫోటో తీసే సిబ్బందికి కొన్ని సూచనలు. ఫ్లాష్ వద్దు, చర్మం మీద మెరుపు పడి దద్దురు మాయమవుతుంది. కిటికీ పక్కన, నేరుగా ఎండ పడని వెలుతురులో తీయండి. ఫోన్‌లో అందం పెంచే మోడ్, ఫిల్టర్లు అన్నీ ఆపేయండి, అవి చర్మాన్ని నునుపు చేసి రంగు తేల్చేస్తాయి. తెర మీద చర్మాన్నే తాకి ఫోకస్ పెట్టాలి. తెల్ల దుప్పటి పరిస్తే ఫోన్ వెలుతురు తగ్గించి చర్మాన్ని ఇంకా నల్లగా చూపిస్తుంది, బూడిద రంగు గుడ్డ సరైనది. మొదటి ఫోటోలో బూడిద కార్డు ఒకటి పక్కన పెడితే తర్వాత రంగు సరిచేసుకోవచ్చు. రెండు ఫోటోలు తప్పనిసరి: శరీరంలో ఎక్కడో తెలిసేలా దూరం నుంచి ఒకటి, కొలత పట్టీ పక్కన పెట్టి దగ్గర్నుంచి ఒకటి. ఆరోగ్యంగా ఉన్న చర్మం కొంత ఫ్రేములో ఉండాలి, పోల్చుకోవడానికి. కింద రాసే వివరణలో "ఎరుపు" అని వదిలేయకుండా ఏ చర్మం మీద ఏ రంగులో కనిపిస్తుందో రాయాలి. పాలిపోవడం కంటి రెప్ప లోపల, అరచేతుల్లో చూడాలి. నీలిమ పెదవుల లోపల, చిగుళ్ల మీద, గోళ్ల కింద చూడాలి.

కామిక్స్ గురించి ఒక్క మాట. వైద్యుడు ఇయన్ విలియమ్స్ 2007లో గ్రాఫిక్ మెడిసిన్ అని పేరు పెట్టిన ఈ దారి, సిగ్గుతోనో భయంతోనో పైకి చెప్పుకోలేని జబ్బులకు చక్కగా ఒదుగుతుంది. గీసిన మొహం ఎవరిదీ కాదు కాబట్టి మొహం వల్ల గోప్యత చిక్కు రాదు. మంచి గీత రాకపోయినా పర్వాలేదు, కర్ర బొమ్మలు చాలు. అక్షరాలు చిన్నవైతే మాత్రం ఎంత మంచి గీతా వృథా.

ధారావాహిక

గార్త్ జాఫెట్, షెరీన్ ఉస్దిన్ అనే ఇద్దరు డాక్టర్లు దక్షిణాఫ్రికాలో నిలబెట్టిన సోల్ సిటీ అనే ఆరోగ్య ధారావాహిక 1994లో టీవీకెక్కింది, రేడియోలోనూ అచ్చులోనూ నడిచింది. 1999 నాటి భాగాల్లో గృహహింసను ఎత్తుకుని, భర్త కొడుతున్న ఇంటి ముందు ఇరుగుపొరుగు గిన్నెలు మోగించి నిరసన తెలపడం చూపించారు. కథతో పాటే సాయం కోరేవాళ్లకు హెల్ప్‌లైను కూడా పెట్టారు. నేర్చుకోవాల్సింది ఆ చివరి మాటే: ఫోన్ ఎత్తేవాళ్లు లేకుండా కథలో హింసను కదిలిస్తే, నిద్రపోతున్న ప్రమాదాన్ని లేపి వదిలేసినట్టు. ఇంత పెద్ద పనికి డబ్బు, రచయితలు, ఏళ్ల పరిశోధన కావాలి. ఒక ఆరోగ్య కేంద్రం ఒంటరిగా తలకెత్తుకునేది కాదు కాబట్టి మార్కులు వేయడం లేదు.

ఫోరం నాటకం

బ్రెజిల్ నాటక దర్శకుడు అగస్టో బోల్ 1970లలో రూపుదిద్దిన పద్ధతి ఇది. 15 నుంచి 20 నిమిషాల చిన్న నాటకం, నలుగురైదుగురు నటులు, కథ చెడుగానే ముగుస్తుంది. వెంటనే అదే నాటకం మళ్లీ మొదలవుతుంది. ఈసారి ప్రేక్షకుల్లో ఎవరైనా "ఆగండి" అని లేచి, అణిగిపోతున్న పాత్ర స్థానంలోకి వచ్చి వేరేగా చేసి చూపిస్తారు. తక్కిన నటులు లొంగిపోకుండా, నిజంలో ఆ మనుషులు ఎలా ఎదురుతిరుగుతారో అలాగే తిరగాలి. మధ్యవర్తిని జోకర్ అంటారు. "ఇది కుదురుతుందా? మన దగ్గర ఇలా అంటే ఏం జరుగుతుంది?" అని అడగడమే ఆ మనిషి పని, తీర్పు చెప్పడం కాదు.

మార్చకూడని నియమం ఒకటుంది. అణిచివేసే పాత్రను ఎవరూ మార్చకూడదు. "రిజిస్ట్రేషన్ గుమస్తా మంచివాడైతే" అని అతని స్థానంలోకి వచ్చి నవ్వుతూ చీటీ ఇచ్చేస్తే సమస్య గాలిలో తీరిపోతుంది, బయట గుమస్తా మాత్రం అలాగే ఉంటాడు.

ఆరోగ్య సిబ్బంది రాసే నాటకాల్లో ఎప్పుడూ వచ్చే లోపం, తెలియని పల్లెటూరి మనిషికి తెలిసిన నర్సు బుద్ధి చెప్పడం. అది ఫోరం నాటకం కాదు, వేషం కట్టిన ఉపన్యాసం. తిప్పి చూడండి: భాష రాని ముసలావిడ కౌంటరు దగ్గరికి వస్తుంది, ఆధార పత్రం లేదని కసురుతారు, వెనక క్యూ గొణుగుతుంది, ఆవిడ తిరిగి వెళ్లిపోతుంది. ఆ కసిరే పాత్రను సిబ్బందిలోని మనిషే వేయాలి. పై అధికారులకు ఇది నచ్చదు. ప్రదర్శనకు ముందు వాళ్లతో విడిగా మాట్లాడి, ఏ ఒక్క ఉద్యోగినీ వేలెత్తి చూపడం లేదని, పద్ధతి గురించేనని ఒప్పించుకోవాలి. ఆ మాట నిలబెట్టుకోవడానికి నిజంగా జరిగిన సంఘటనను ఉన్నదున్నట్టు వాడకుండా నాలుగైదు సంఘటనలు కలిపి ఒకటి అల్లుకోవాలి.

వేదిక వద్దు, నేల మీదే ఆడాలి. అర్ధచంద్రాకారంలో కూర్చోబెట్టాలి. 50, 60 మంది దాటితే వెనకవాళ్లకు వినిపించదు, లేచి ముందుకు రావడానికీ జంకుతారు. మొదటి అయిదు నిమిషాలు అందరితో చిన్న ఆటలు ఆడించాలి. అప్పటిదాకా నోరు విప్పనివాళ్లు నేరుగా లేచి నటించరు. మగవాళ్ల ముందు ఆడవాళ్లు లేవని చోట ముందు ఆడవాళ్లకు విడిగా వేయాలి. హింస గురించిన నాటకమైతే, అక్కడ ధైర్యంగా మాట్లాడిన మనిషి ఆ రాత్రి ఏ ఇంటికి వెళ్తుందో ఆలోచించి గానీ మొదలుపెట్టకూడదు. మరుసటి రోజు మామూలు ఆరోగ్య సందర్శనగా ఎవరో ఒకరు వెళ్లి పలకరించి రావాలి.

శ్రమ ఎక్కువ, నటించగల సిబ్బంది దొరకడం కష్టం, జోకర్‌కు శిక్షణ తప్పనిసరి. అయినా నాలుగున్నర ఇస్తాం. చదువు రానివాళ్లు, ఫోన్ లేనివాళ్లు ఇక్కడ ప్రేక్షకులు కారు, రచయితలు. మంచం దిగలేనివాళ్లు రాలేరు, వాళ్ల కోసం అదే నాటకాన్ని ఇద్దరు నటులతో ఇంటి గుమ్మంలో ఆడవచ్చు.

నటులకు, జోకర్‌కు తోడుగా ఇంకో మనిషి కావాలి, చాలా బృందాలు ఈ మనిషిని మరిచిపోతాయి. ప్రేక్షకులు చేసి చూపించిన ప్రతి దారినీ ఆ మనిషి రాసుకోవాలి: పత్రం లేకపోయినా ముందు డాక్టర్‌ను చూపించాలి, కౌంటరు దగ్గర ఆ భాష వచ్చినవాళ్లు ఒకరుండాలి, ముసలివాళ్లకు కూర్చునే చోటు కావాలి. ఒక్కోదాని పక్కన ఎవరు చేయాలి, ఎప్పటికి చేయాలి అన్న రెండు గడులు గీసి, ఆ కాగితాన్ని అదే కౌంటరు పక్కన అంటించాలి. తర్వాతి ప్రదర్శన ఆ కాగితం చదవడంతోనే మొదలవ్వాలి, నిండని గడులతో సహా.